నా పేరున ఇచ్చిన కోడి

ఆ రోజుల్లో నాకు ఇరవై ఎనిమిదేళ్లే గానీ, సాయంత్రం బడి విడిచే వేళకు నన్ను చూసినవాళ్లు రేపో మాపో రిటైరయ్యే అయ్యవారనుకునేవారు. వేంపల్లెలోని ఒక ప్రైవేటు బడిలో రెండు తరగతుల పిల్లలను ఒకే గదిలో కుక్కి నాకు అప్పగించారు (గొంతు పోయిన రోజుల్లో సైగలతో లెక్కలు చెప్పిన ఘనత నాదే). ఎండలు ముదిరేసరికి ఆ పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. అడిగితే, "అమ్మవారు పోసింది సార్" అని పక్కవాడు చెప్పేవాడు. మా వైపు ఆటలమ్మను జబ్బు అనరు, ఇంటికొచ్చిన తల్లి అంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, కూరకు పోపు పెట్టరు, ఆ నాలుగు రోజులూ మొగుడూపెళ్లాలు తిట్టుకోరు కూడా. సరిగ్గా అప్పుడే కడపలో, పుట్టింట్లో, నా భార్యకు నెలలు నిండుతున్నాయి. ప్రతి ఆదివారం బస్సెక్కి చూసొస్తున్నాను.

ఊళ్లో డాక్టరు నన్ను కూర్చోబెట్టి, "మీ ఆమెకు చిన్నప్పుడే వచ్చిపోయిందంటాండావు, ఆమెకు భయంల్యా. పుట్టే బిడ్డ కోసమన్నా నువ్వు టీకా ఏపిచ్చుకోప్పా. ఇంతకీ నీకు వచ్చిండాదా, రాలేదా?" అన్నాడు. అమ్మనడిగి చెబుతానని లేచొచ్చాను. నిజం చెప్పొద్దూ, సూదంటే నాకు ప్రాణం పోతుంది.

అమ్మ ఆదుకుంది. "నీకు సూదేందిరా! తల్లి వచ్చేదానికి అడ్డంగా సూది పొడిపిచ్చుకునేది యాడన్నా ఉండాదా? మీ అన్నకు పోసినప్పుడే నీ పేరున గూడా కోడినిచ్చినాం, పో!" అంది. కోడినిచ్చారంటే మొక్కు తీరినట్టు, మొక్కు తీరిందంటే వచ్చి తగ్గినట్టు. అద్దంలో వెతికితే చెంప మీద ఒక గుంట కూడా దొరికింది (మొటిమ గిల్లుకున్నదే, అయినా సాక్ష్యం సాక్ష్యమే). అయినా మనసు ఊరుకోదే! వేయించుకుందామా, వద్దా అని రెండు వారాలు నలిగాను. ఒకసారి డాక్టరు గుమ్మం దాకా వెళ్లి, జనం శానా ఉన్నారని నాకు నేనే చెప్పుకుని తిరిగొచ్చాను.

తర్వాత ఊరినుంచి వచ్చిన అక్క ఈ గొడవ విని పకపకా నవ్వింది. "నీకెప్పుడు పోసిందిరా? నీకు రాగూడదనే గదా ముందుగానే కోడినిచ్చింది!"

"నేను చెప్పిందీ అదే గదా," అంది అమ్మ, తొణకకుండా.

మర్నాడు పొద్దున్నే పరుగెత్తాను. డాక్టరు నుదుటి మీద చెయ్యేసి చూశాడు, చొక్కా ఎత్తి వీపు చూశాడు. "ఇంగ సూదెందుకప్పా? ఇంటికి పోయి పండుకో," అన్నాడు. అంతకుముందు ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతూ కడపకు వెళ్లలేకపోయాను, అదొక్కటే నేను చేసుకున్న పుణ్యం.

ఒళ్లంతా పొక్కులతో వేపాకుల మీద పడి ఉండగా, అయిదో రోజున ఆడబిడ్డ పుట్టింది. "పొక్కులన్నీ ఎండి రాలేదాకా ఈ పక్కకు రాగాకండి, ఏమీ అనుకోగాకండి," అంది మా అత్త ఫోన్లో, అల్లుడినని మర్యాద తగ్గకుండా. తర్వాత నా భార్య ఫోను తీసుకుని బిడ్డ దగ్గర పెట్టింది. "నిద్దరపోతాంది. వినపడతాందా?" అంది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వినపడుతోందన్నాను. ఏడుపొచ్చింది, కన్నీళ్లకు పొక్కులు మండాయి. పూర్తిగా మానే వరకు ఎవరూ రానివ్వలేదు, ఇరవై రోజులకు గానీ బిడ్డను ఎత్తుకోలేదు.

ఇప్పుడా పిల్ల కాలేజీకి పోతోంది. "నాయనా, పుట్టినప్పుడు నేను ఎట్లుంటి?" అని ఎప్పుడన్నా అడుగుతుంది. "ఇంతే ఉంటివి, మొగమంతా ఎర్రగా, పిడికిళ్లు బిగించుకోని," అని చేతులతో కొలిచి మరీ చూపిస్తాను. వాళ్లమ్మ వంటింట్లోంచి నా వైపు చూసి నవ్వుకుంటుంది.