ఆకుపచ్చగా మారిన మంట

మా ముత్తాత రాఘవరావు మంథని అవతల పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత మాధవరావు ఉండే గడి, కోటలాంటి ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. ఆయన కూర్చున్న టేకు కుర్చీ నా వంతుకు వచ్చింది. కరీంనగర్‌లో నేను నడిపే ఫ్రిజ్, ఏసీ మరమ్మతు దుకాణంలో అదొక్కటే కుర్చీ. నాతో పనిచేసే సమ్మయ్య తండ్రి మా గడిలో పాలేరుగా జీతం ఉన్నవాడు. పదిహేనేళ్లు కలిసి పనిచేసినా సమ్మయ్య నా ఎదుట నేల మీదే కూర్చునేవాడు. నేను ఎప్పుడూ వద్దనలేదు.

నా జబ్బు ఒక శనివారం మొదలైంది. ఒక స్వీట్ల దుకాణం వెనక చిన్న గదిలో, కోల్డ్ రూం మిషన్ పైపు అతుకు దగ్గర లీకయింది. అది ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత మిషన్. పైపులో మిగిలిన గ్యాస్‌ను రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి తీసుకున్నాకే అతుకు వెయ్యాలి. మా దగ్గర ఆ మిషన్ లేదు. గ్యాస్‌ను గాలికి వదిలేసి, తలుపులు తెరిచి, చాలాసేపు ఆగేవాళ్లం. అది తప్పని తెలుసు. ఆ రోజు ఆ ఆగడం కూడా లేదు.

దుకాణం యజమాని తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "దొరవారూ, ఇంకెంతసేపు? గడీల పుట్టినోళ్లకు పానా పట్టుడు కష్టమే గదా!"

"అర్ధగంటల అయితది" అన్నాను. మా ఇంట్లో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోరు.

సమ్మయ్య కింద కూర్చుని పైపు పట్టుకున్నాడు. "దొరా, గ్యాస్ ఇంక సుయ్యిమంటున్నది. గా తలుపన్న తెరువు, జర ఆగుదాం."

"గాలికి మంట నిలువది. పట్టుకో."

పైపు అతికే గ్యాస్ టార్చ్ వెలిగించాను. నీలం మంట అంచు ఆకుపచ్చగా మారింది. "రంగు మారింది దొరా" అన్నాడు మెల్లగా. గ్యాస్ కాలి విషమవుతోందని దాని అర్థం. అది నాకు తెలుసు. అయినా అతుకు పూర్తి చేశాను. అతను పైపు వదల్లేదు.

బయటకొచ్చి ఇద్దరం దగ్గాం. "ఇయ్యాల మిరపకాయ తాలింపు ఎక్కువైంది దొరా" అని నవ్వాడు. "ఎవరన్న అడిగితే సలి పట్టిందని చెప్పు. పని రానోళ్లని నవ్వుతరు" అన్నాను. తలూపి, మర్నాడు ఆదివారం సెలవని చెన్నూరులోని తన ఇంటికి బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున రెండు మెట్లు ఎక్కలేకపోయాను. దగ్గితే గులాబీ రంగు నురగ పడింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. "న్యుమోనియా లాగున్నది. ఏం పని చేస్తరు?" అని డాక్టరమ్మ అడిగింది. "వ్యాపారం" అన్నాను. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. సోమవారానికి ఆక్సిజన్ పడిపోయింది, ఐసీయూలోకి మార్చారు. ఆమె నా అరచేతులు తిప్పి కాలిన మచ్చలు చూసింది. "ఇవి వ్యాపారం చేసే చేతులు కావు సార్. నిజం చెప్పండి."

చెప్పాను.

"కెమికల్ న్యుమోనైటిస్. విషపు గ్యాస్‌తోని ఊపిరితిత్తులు వాచినయి. ముందే చెప్పాల్సింది. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతది. మీతోని ఇంకెవరన్న ఉన్నరా? నిలబడ్డరా, కూసున్నరా?"

"కూసున్నడు" అన్నాను.

నర్సు ఫోన్ కలిపింది. సమ్మయ్య భార్య లచ్చవ్వ ఎత్తింది. "సలి పట్టింది దొరా. ఈడ డాక్టర్‌కు గదే చెప్పినం, గోలీలిచ్చిండు. పొద్దటి సంది మాట్లాడ్త లేడు." వెంటనే పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. మంచిర్యాలకు తీసుకుపోతుంటే దారిలోనే అతని ఊపిరి ఆగిపోయింది.

నన్ను స్టెరాయిడ్లతో నిలబెట్టారు. ఇంటికొచ్చిన నెలకు ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ చేరాను. "పాత ఊపిరి వస్తదని మాట ఇయ్యలేను" అంది డాక్టరమ్మ.

నడవగలిగాక చెన్నూరు వెళ్లాను. లచ్చవ్వ కుర్చీ వేసింది. నేను నేల మీద కూర్చున్నాను. "లే దొరా, ఆయన చూస్తే బాధపడ్తడు" అంది. సలి అని చెప్పమన్నది నేనేనని చెప్పాను. లచ్చవ్వ కుర్చీని గోడకు జరిపి నా ఎదురుగా కూర్చుంది.

"ఎరుకే. నాకు అంత చెప్పిండు. దొర గట్లనే చెప్పుమన్నడు, నువ్వు గూడ గట్లనే చెప్పు అన్నడు."

రెండేళ్లయింది. ఇన్‌హేలర్ జేబులో ఉంటుంది. ఇంట్లో టీకి స్టవ్ వెలిగిస్తే ముందు మంట అంచు చూస్తాను. పని మధ్యలో చెయ్యి కిందికి చాస్తాను, పైపు పట్టుకునే చెయ్యి అక్కడ ఉన్నట్టే.

ఈ పని చేసేవాళ్లకు ఒక్క మాట. మంట రంగు మారితే టార్చ్ ఆపి బయటికి రండి. దగ్గు వచ్చినా రాకపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లి, ఏ గ్యాస్ పీల్చారో దాని పేరు చెప్పండి.

ఇప్పుడు నా దుకాణంలో రికవరీ మిషన్ ఉంది. దాని కోసం మా తాత టేకు కుర్చీని అమ్మేశాను.