రొట్టెల తాత చెయ్యి

మొన్న మా పొలం కౌలుకి చేసే రైతు, నారుమడి మీద పిట్టలు వాలకుండా మా అటక మీది పాత క్యాసెట్ల రీలు లాగి కట్టాడు. గాలికి అది సన్నగా రొద పెడుతోంది. మా ఆయన గట్టు దాకా వచ్చి, ఆ చప్పుడు విని వెనక్కి తిరిగిపోయారు.

ఆయన కువైట్‌లో ఉన్న రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. అందుకని మాటలు క్యాసెట్టులో పట్టి, ఊరొచ్చేవాళ్ల చేత పంపేవారు. టేప్‌రికార్డరు ముందు మా అత్తగారు చెంగు సర్దుకుని కూర్చునేవారు. "అమ్మా, భోంచేశావా?" అని వినబడగానే "ఇప్పుడే తిన్నాన్రా" అనేవారు. "ఆయనకి వినబడదండీ" అంటే, "నువ్వూరుకో, నీకేం తెల్సు" అని కసిరేవారు.

తరవాత కంపెనీవాళ్లు ఆయన్ని ఇరాక్ పంపారు, ఉగ్రవాదుల్ని ఏరేయడానికి దిగిన అమెరికా సైన్యానికి నీళ్ల లారీ తోలడానికి. అక్కణ్ణించి వచ్చిన మొదటి క్యాసెట్టులో ఆయన గొంతు వెనక పిల్లల కేరింతలు. "మలుపులో రొట్టెలమ్మే తాత ఉన్నాడే. ముందు దారిలో మందుపాతరుంటే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. నేనెళ్లి చెప్తే సైనికులొచ్చి తీసేస్తారు. ఆ చెయ్యే నాకు దిక్కు." అత్తగారు ఆ కనబడని తాతకి రోజూ దణ్ణం పెట్టుకునేవారు.

రెండో క్యాసెట్టులో పిల్లల్లేరు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడారు. "సైనికులు ఊరిమీద పడి తలుపులు బద్దలుకొట్టేరు. తాత కొడుకు మొహానికి సంచీ తొడిగి ఈడ్చుకుపోయేరు. వాళ్లు వెతికేవాడు అతను కాదని తెలిసి వదిలేసేరులే. కానీ తాత ఇప్పుడు చెయ్యి ఊపడం లేదే. ఊరికే చూస్తున్నాడు. రేపు ఏ దారిన పోవాలో తెలీడం లేదు."

తరవాత మాట లేదు. గాలి, ఎక్కడో ఇంజను. రీలు తిరుగుతూనే ఉంది. అయిపోయిందనుకుని లేవబోతుంటే, "అమ్మా, వింటున్నావా?" అని వినబడింది.

అత్తగారు మాట్లాడలేదు. టేప్‌రికార్డరు వంకే చూస్తూ ఉండిపోయారు.

ఆయన ప్రాణాలతో వచ్చేరు. తన ముందు లారీ మలుపు దాటగానే పేలిపోయిందట. "తాత అక్కడే కూచున్నాడే. నన్ను చూసి తల దించుకున్నాడు," అన్నారు వచ్చిన రోజు. "మర్నాడు సైనికులు మళ్లీ ఊరంతా గాలించేరు. ఆ తరవాత ఏ వీధిలోనూ ఎవ్వరూ చెయ్యి ఊపలేదు. చెప్పేవాళ్లని ఆ సైనికులే చేజేతులా పోగొట్టుకున్నారు."

నాట్లు పడ్డాక పొలంలో రీలు విప్పేస్తారు. ఎప్పుడో అయిపోయిన ఆ రెండో క్యాసెట్టు మాత్రం, ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.