బాగుంటే నోరు విప్పని సర్వర్

కోటిలింగం తాతకు లోకంలో నచ్చినవాళ్లు లేరు. ప్రత్తిపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, లారీ దిగే ప్రతి మిర్చి బస్తానీ, అదే టిక్కీనీ, చేత్తో నొక్కి చూడటం ఆయన ఉద్యోగం. తేమ తగిలితే, "ఇవి కాయలా, నానబెట్టిన చింతపండా? తీసుకుపో!" అని గేటు అదిరేలా అరుస్తాడు. సరుకు బాగుంటే మాత్రం పెదవి కదలదు. ఆయన నోరు మూసుకున్నాడంటే టిక్కీ పాసైనట్టేనని హమాలీలకు తెలుసు. భుజానెత్తుకుని లోపలికి పోతారు.

"బాగున్నదాన్ని బాగుందనడానికి నాకు జీతమిస్తున్నారా?" అంటాడు తాత.

ఈ ఏడు యజమాని సాయిగణేష్ రైతులు ఫోన్లోనే చోటు బుక్ చేసుకునేలా వెబ్‌సైట్ పెట్టిద్దామనుకున్నాడు. విజయవాడ నుంచి కుర్రాళ్లొచ్చి ల్యాప్‌టాప్‌లు తెరిచారు. తాత వాళ్లను తాలుకాయల్ని చూసినట్టు చూశాడు.

"ఇస్త్రీ చొక్కాలు తప్ప వీళ్ల దగ్గరేముంది? నేను రాస్తా!"

ఆఫీసులో బిల్లులు కొట్టే కంప్యూటరూ, ఫోన్లో చూసిన వెబ్‌సైట్లు రాసే జావాస్క్రిప్ట్ పాఠాలూ, బోలెడంత పొగరూ ఆయన పెట్టుబడి.

"సోమవారానికి నడవాలి కోటిలింగం గారూ. లేదంటే పని ఆ కుర్రాళ్లకే ఇచ్చేస్తా. గేటు దగ్గర తేమ చూడటానికి కూడా వాళ్ల మిషనే పెట్టిస్తా" అన్నాడు సాయిగణేష్.

అంటే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే తాతకు తిట్టడానికి ఇంట్లో భార్య చెంచమ్మ ఒక్కతే మిగులుతుంది.

పాఠంలో మిడిల్‌వేర్ దగ్గరకొచ్చేసరికి తాత మొహం వెలిగింది. రైతు పంపిన రిక్వెస్ట్ సర్వర్లో నేరుగా చోటిచ్చే దాకా పోదట. దారిలో ఫంక్షన్లనే చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకటి ఫోన్ నంబరు చూస్తుంది, దాని తర్వాతది ఆ తేదీకి ఖాళీ ఉందా అని చూస్తుంది. తప్పుంటే అక్కడికక్కడే జవాబిచ్చి వెనక్కి పంపేస్తుంది.

"ఇదేముంది, గేట్లేగా! దీనికి బీటెక్కులు చదవాలా?" అని పాఠం సగంలో కట్టేశాడు.

ఆదివారం పొద్దున పరీక్ష పెట్టాడు. తప్పు నంబరు కొడితే, "పోవయ్యా, సరైన నంబరు తెచ్చుకో" అని తెర మీద ఠక్కున వచ్చింది. తాత మీసం దువ్వాడు. తర్వాత సంజీవరావు అనే రైతు తన అసలు నంబరు కొట్టాడు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది.

"గిరగిరా తిరుగుతుందే గానీ ఏం చెప్పట్లేదండీ!"

"నీ ఫోను దిక్కుమాలింది."

ఇంకో ఫోన్లో కొట్టి చూశారు. అందులోనూ చక్రమే. తాత నెట్‌ను తిట్టాడు, సర్వర్‌ను తిట్టాడు, చివరికి సంజీవరావును కూడా తిట్టి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

"తప్పుడోడికి జవాబిస్తది, మంచోణ్ణి నిలబెట్టేస్తది. బుద్ధిలేని మిషను!"

"మంచోడికి ఏం చెప్పమని రాశారేంటి?" అంది చెంచమ్మ.

"ఏం చెప్తారే? బాగుంటే ఊరుకుంటాం."

చెంచమ్మ గరిటె ఠంగుమని గిన్నెలో పడేసింది. "అట్టా చెప్పండి! పెళ్లయిన కాడ్నించి కూర బాగుందని ఒక్క మాటన్నారా? ఉప్పెక్కువైన రోజేగా మీ గొంతు బజారు దాకా వినపడేది! కంచం ఖాళీ అయితే బాగుందని నేనే అనుకుని సర్దుకున్నా. ఆ మిషను మీతో కాపురం చేసిందా, మీ మూగనోము తెలియడానికి?"

తాత చెయ్యి ముద్దలోనే ఆగింది. గబగబా చెయ్యి కడుక్కుని, కట్టేసిన పాఠం మళ్లీ తెరిచాడు. మిగతా సగంలో ఉంది అసలు సంగతి. తప్పేమీ లేకపోతే ఫంక్షన్ 'నెక్స్ట్' అని పిలవాలి. పిలిస్తేనే రిక్వెస్ట్ తర్వాతదాని దగ్గరికి వెళ్తుంది. జవాబూ ఇవ్వక, నెక్స్టూ అనకపోతే రిక్వెస్ట్ అక్కడే పడిగాపులు పడుతుంది.

"మిషనుక్కూడా సరే, పో అని చెప్పాలట. ఏం బతుకురా ఇది!" అని పళ్లు నూరుకుంటూ ఒక్కోదాంట్లో నెక్స్ట్ రాసుకుంటూ పోయాడు.

సోమవారం సాయిగణేష్ ఎదురుగానే సంజీవరావుకు చోటు దొరికింది. సాయిగణేష్ తెర చూశాడు, విజయవాడ కుర్రాళ్లకు రానక్కర్లేదని ఫోన్ చేశాడు, తాత వైపైనా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. కుర్చీ మిగిలింది. అయినా తాత కూర్చోలేదు. ఒక్క మంచి మాట వస్తుందేమోనని ఆ గుమ్మం వైపే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం మొదటి ముద్ద మింగి, గోడ వైపు తిరిగి, ఎవరినో తిడుతున్నట్టు అన్నాడు: "ఉప్పు సరిపోయింది."

చెంచమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, జ్వరమేమోనని ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.