ముడుల తాడు, పద్నాలుగు బావులు

హుస్నాబాద్ చుట్టుపక్కల గుండ్రటి బావికి రాతిగోడ కట్టాలంటే సుతారి హనుమండ్లుకే కబురు వెళ్లేది. ఎంత రాయి పడుతుందో అతను ముందే చెప్పేవాడు. అడుగుకో ముడి వేసిన తాడును గోడ మందానికి సరిగ్గా నడుమ గుండ్రంగా పరిచి, దాని పొడుగును మందంతో హెచ్చవేస్తే అడుగు లోతుకు లెక్క తేలేది. తాడు రెండో కొస పట్టుకునేది భార్య దేవవ్వ.

పద్నాలుగో బావి దగ్గర ఓవర్సీర్ శ్రీధర్‌రావు పుస్తకం లెక్క వేశాడు. బావి నడుమ నుంచి గోడ బయటి అంచుకున్న దూరాన్ని దానితోనే హెచ్చవేసి, లోపలి అంచుకున్న దూరాన్నీ అట్లాగే చేసి తీసేసి, మిగిలినదాన్ని 3.14తో హెచ్చవేశాడు. హనుమండ్లు చెప్పిందే వచ్చింది.

"ఈ బాయికి కలిసిందంటే నీ నసీబు. ఇంకోదానికి కలుస్తదని ఏం భరోసా? నీది లెక్క గాదు, అందాజ," అని నవ్వాడాయన.

దారిలో దేవవ్వ అడిగింది. "ఏమయ్యా, ఇన్నేండ్లు అందాజ మీదనే కట్టినమా?"

ఇంటికి రాగానే అతను తాడును గోడ కొయ్యకు తగిలించాడు. మరుసటేడు ఆమె జ్వరంతో పోయింది. ఊళ్లో బోర్లు పడ్డాయి. మళ్లీ ఎవరూ పిలవలేదు. తాడు కొయ్యకే ఉండిపోయింది.

1989 ఎండాకాలంలో తమ్ముడు కొండల్ దుబాయి నుంచి వస్తూ ఒక క్యాలిక్యులేటర్ తెచ్చిచ్చాడు. ఎండ తగిలితేనే దానిలో అంకెలు కనిపిస్తాయి. హనుమండ్లు వాకిట్లో కూర్చుని పద్నాలుగో బావికి ముందు ఓవర్సీర్ వేసిన లెక్క పెట్టాడు. బయటికి పన్నెండు అడుగులు, లోపలికి పది. పన్నెండు పన్నెండ్లు, అందులోంచి పది పదులు, దాన్ని 3.14తో. వరసగా నొక్కితే నాలుగు వేల రెండు వందలు దాటింది.

"గింత రాయి పోస్తే బాయి గాదు, ఎలగందుల ఖిల్లా లేస్తది."

"ఎవలతోని ముచ్చట పెడుతున్నవ్ బావా?" గోడ అవతలి నుంచి పక్కింటి ఐలవ్వ అడిగింది.

"మిషిన్‌తోని."

"జవాబు చెప్తదా?"

"చెప్తది. అడుగుడు మనకు రావాలె."

మిషిన్ నొక్కిన వరసలోనే పోతుందని అతనికి అర్థమైంది. నూట నలభై నాలుగులోంచి పది తీసేసి, మిగిలినదాన్ని పదితో హెచ్చవేసిందది. ఈసారి దేనికది విడిగా వేసి, బొగ్గుతో గోడ మీద రాసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి 3.14తో హెచ్చవేశాడు. 138.16. ఇక తన లెక్క. గోడ నడుమకు పదకొండు, దాని రెట్టింపును 3.14తో హెచ్చవేస్తే తాడు చుట్టూ 69.08, మందం రెండు. 138.16.

ఒక్కటి కలిస్తే నసీబు అంటారు. అందుకని మిగతా పదమూడు బావుల లెక్కలూ తీశాడు. దేవవ్వ కాలివేలు రాయి కింద నలిగిన బావి. ఇద్దరూ వానలో తడుస్తూ ముగించిన బావి. ఒకటిన్నర అడుగు మందపు గోడతో ఇరుకు బావి. అన్నీ కలిశాయి. ఎవరూ తవ్వని బావులు నాలుగు అనుకుని వాటికీ లెక్క వేశాడు. అవీ కలిశాయి.

పొద్దు వాలి అంకెలు మసకబారాయి. హనుమండ్లు కొయ్య మీది తాడు తీసుకుని పద్నాలుగో బావి దగ్గరికి నడిచాడు. దేవవ్వ పట్టుకునే రెండో కొస మీద రాయి పెట్టి, గోడ నడుమ తాడు పరుచుకుంటూ చుట్టూ తిరిగాడు. అరవై తొమ్మిదో ముడి దగ్గర రాయి మళ్లీ కాలికి తగిలింది.

"అందాజ గాదే," అన్నాడు ఆ రాయితో.