నీలం పాకిన చోటు

ఈ రోజు మా సునాబెడ కాలనీ క్లబ్బులో పిల్లల బొమ్మల పక్కన నేను వేసిందీ ఒకటి పెట్టారు. పసుపు రంగు మీద టేపు అంటించి, అంచులు కత్తితో కోసినట్టు వచ్చేలా వేసిన నీలం పట్టీలు, అంతే. ఉదయం నుంచి ప్రతివాళ్ళూ "ఇదేటండీ, జెండానా?" అని అడుగుతుంటే విసుగొచ్చి, సాయంత్రం దాన్ని దించేయబోయాను.

అప్పుడే ఫ్యాక్టరీలో యంత్రాలకు రంగులు కొట్టే అప్పలస్వామి డ్యూటీ దిగి వచ్చాడు. అతను మాత్రం అదేమిటని అడగలేదు. ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, ఒక అంచు దగ్గర వేలు పెట్టాడు.

"ఇక్కడ టేపు కిందికి నీలం పాకీసింది సారూ. టేపు అంటించేక దాని అంచుకి ముందు పసుపే పుయ్యాల. సందులోకి పాకినా పసుపే గదా, పసుపులో పసుపు ఎవులికి కనబడతాది? అది ఆరేక నీలం ఎయ్యండి."

తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి చాలాసేపు నిలబడ్డాడు. "ఆ పసుపు పక్కనుండబట్టే ఈ నీలం ఇంత సల్లగా ఉంది" అన్నాడు.

బొమ్మ దించలేదు. రేపు కూడా అక్కడే ఉంటుంది. నీలం ఎక్కడ పాకిందో కనిపెట్టి చెప్పినవాళ్ళకి టీ నేనిప్పిస్తాను. జెండా అన్నవాళ్ళు కూడా రావచ్చు, కాస్త దగ్గరగా వచ్చి చూస్తే చాలు.