మాట స్పష్టంగా రావాలని కొన్న బ్లూరే

మా ఇంట్లో టీవీ పాడైపోయిందని మా ఆయన రిటైరైన కొత్తలోనే తేల్చేశాడు. బొమ్మ బాగానే ఉంది, రంగులు బాగానే ఉన్నాయి, మాట మాత్రం రావడం లేదట. "అందరు నోట్ల పిండి వెట్టుకొని మాట్లాడ్తున్నరు" అని తిట్టేవాడు. నాకు ప్రతి మాటా వినపడేది. నాకే కాదు, వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినపడేది. శబ్దాన్ని అంత ఎత్తున పెట్టేవాడు మరి.

రాయచూరు పక్కన కృష్ణ ఒడ్డునున్న కరెంటు స్టేషన్లో ఆయన టర్బైన్ ఆపరేటర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆ టర్బైన్ హాల్లోకి నేను ఒక్కసారి వెళ్లాను. ఆయుధపూజ నాడు ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు. కాసేపే ఉన్నాను గానీ బయటికొచ్చాక కూడా తల దిమ్మెక్కిపోయింది. అక్కడ మనుషులు నోటితో మాట్లాడుకోరు. చేతులతో సైగలు చేసుకుంటారు, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇచ్చేవాళ్లు గానీ, మా ఆయన ఈడువాళ్లు వాటిని జేబులో వేసుకుని తిరిగేవాళ్లు. మిషను గొంతు మారితే ముందు తెలియాల్సింది చెవికేనట. చెవి మూసుకున్నవాడు ఆపరేటరే కాదట.

ఈ మనిషి ఇంట్లో నేను పిలిస్తే పలికేవాడు కాదు. వంటింట్లోంచి అడిగితే జవాబుండదు, వెనక నుంచి అడిగితే తల తిప్పడు. ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం టక్కున చెప్తాడు. నేనేమనుకోవాలి? లెక్కలేదనుకున్నాను. పెళ్లాం మాటకు విలువివ్వని మగవాళ్లకు కాలనీలో కరువేం లేదు, నా రాత కొద్దీ నాకూ ఒకడు దొరికాడనుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ నోరు కట్టేసుకున్నాను. వినపడక పలకడా, వినపడీ పలకడా అన్న అనుమానం మాత్రం నాకెప్పుడూ రాలేదు. ఆ బ్లూరే ప్లేయర్ ఇంట్లోకి రాకపోతే చచ్చేదాకా వచ్చేది కాదు.

ఆయనతో షిఫ్టుల్లో పనిచేసిన దోస్తు ఒకాయన ఎక్కించాడు ఆ పిచ్చి. ఫోన్లో, టీవీలో వచ్చే సినిమాల్లో శబ్దాన్ని పిండి పిండి చిన్నది చేసి పంపిస్తారట. అసలు శబ్దం డిస్కులోనే ఉంటుందట. మాటల కోసమే మధ్యలో ఒక స్పీకరు వేరుగా పెట్టుకోవచ్చట. అంతే, మా ఆయనకు జబ్బూ దొరికింది, మందూ దొరికింది. జబ్బు టీవీది, మందు బ్లూరే. పొద్దున లేస్తే ఫోన్లో వీడియోలు పెట్టుకుని కూర్చునేవాడు. ఏ ప్లేయర్ మంచిది, శబ్దాన్ని స్పీకర్లకు పంచే రిసీవర్ దానికి ఏది కుదురుతుంది, ఏ తీగ ఎక్కడ పెట్టాలి. ఆ వీడియోలు వినీ వినీ నాక్కూడా సగం వచ్చేసింది.

రాయచూరులో దుకాణాలన్నీ తిరిగాం. ఒక సాయిబు, పాత మనిషి, మా ఆయన అడిగింది విని నవ్వాడు. "అబ్ కోన్ లేతే సాబ్ యే?" అన్నాడు. ఇప్పుడు దీన్ని ఎవరు కొంటున్నారని. నిజమే కదా, లోకమంతా డిస్కులు వదిలేసి ఫోన్ల మీద పడితే మేము డిస్కుల కోసం బయల్దేరాం. మా ఆయనకు కోపం వచ్చి మరో దుకాణానికి నడిచాడు. తెలిసినవాళ్లు గల్ఫు నుంచి తెచ్చిన ప్లేయర్ ఒకటి అగ్గువకు వస్తే తీసుకున్నాడు. అది మన దేశం డిస్కును నోట్లో పెట్టుకుని, చదవలేనని బయటికి తోసేసింది. ఒక్కో దేశానికి ఒక్కో కోడు ఉంటుందన్న సంగతి అప్పుడు తెలిసింది. చివరికి హైదరాబాద్ నుంచి కొత్తది, దాంతోపాటే రిసీవరూ స్పీకర్లూ తెప్పించుకున్నాడు. ఆ రోజు ఆయన మొహంలో ఉన్న వెలుగు మా బిడ్డ పుట్టిన రోజు కూడా చూడలేదని నా నోటికి వచ్చింది. వచ్చినా ఏం లాభం, ఆయన వీపు నా వైపుంది.

బిగించడానికి మనిషిని పంపిస్తామని దుకాణంవాళ్లు అంటే వద్దన్నాడు. టర్బైన్లు నడిపినవాడికి ఇదొక లెక్కా! ముందుగదిని ఖాళీ చేయించాడు. ప్రతి తీగకూ చిన్న గుడ్డపేలిక కట్టి, దాని మీద పేరు రాశాడు. ఏ మిషనైనా మొదటిసారి తిప్పేముందు స్టేషన్లో ఎలా చేస్తారో అలాగే కొబ్బరికాయ కొట్టి, బూమ్ బూమ్ అనే పెద్ద డబ్బా కింద నిమ్మకాయ పెట్టాడు. నేను చీపురు పట్టుకుని ఆ గదిలోకి పోవాలన్నా పర్మిషన్ కావాలి. "జర ఆగు, ఇంక ట్రయల్ రన్ గాలే" అనేవాడు. నవ్వొచ్చేది నాకు. ఆ నవ్వులో కొంచెం విషం కూడా ఉండేది, ఎందుకు దాచాలి? ఆ తీగల మీద పెట్టిన శ్రద్ధలో పిసరంత నా మీద పెట్టి ఉంటే అనుకునేదాన్ని.

డిస్కు పెట్టాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మాట కూడా స్పష్టంగా వచ్చింది, నా చెవులకు. ఆయన మొహం వాడిపోయింది. మధ్య స్పీకరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, పొడుగు స్క్రూడ్రైవర్ మొన దాని పెట్టెకు ఆనించి, పిడి చెవి వెనక బొమికకు ఆనించుకున్నాడు. స్టేషన్లో బేరింగులు బాగున్నాయో లేదో అలాగే చూసేవాళ్లట. "నడుస్తుంది. మాటనే బయటికొస్తలేదు" అన్నాడు. ప్లేయర్లో శబ్దాన్ని ఎలా పంపాలో చెప్పే సెట్టింగులన్నీ మార్చాడు, మళ్లీ మార్చాడు. ఆ తర్వాత రిసీవర్‌తో వచ్చిన చిన్న మైకు గుర్తొచ్చింది. దాన్ని కుర్చీలో మనిషి చెవి ఉండే ఎత్తున పెడితే, రిసీవర్ ఒక్కో స్పీకరు నుంచి ఒక్కో కూత వేసి, గదిని కొలుచుకుని, తనంతట తానే సర్దుకుంటుందట. అప్పుడు గదిలో చీమ చిటుక్కుమనకూడదు.

"నువ్వు సప్పుడు చేయకు. ఊపిరి గూడ మెల్లగ తీస్కో" అని నన్ను గోడకు నిలబెట్టి, వేలు పైకెత్తి నిలబడ్డాడు. కూత మొదలైంది. లోతుగా, బావిలోంచి వచ్చినట్టు మొదలై, మెల్లమెల్లగా పైకి పోయి, సన్నటి ఈలగా మారింది. ఈల ఇంకా పోతూనే ఉంది. ఆయన వేలు దించేశాడు.

"అయిపోయింది. ఇగ నువ్వు దగ్గచ్చు" అన్నాడు గట్టిగా.

ఈల పోతూనే ఉంది. నేను నోరు మూసుకునే నిలబడ్డాను. టీవీ తెర మీద, గదిలో శబ్దం ఎక్కువగా ఉంది, మళ్లీ మొదలుపెట్టమని వచ్చింది. ఆయన గిర్రున నా వైపు తిరిగాడు. "సప్పుడు చేయొద్దన్న గద నిన్ను!" అని అరిచాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కూత సన్నబడగానే వేలు దించి, "ఆఁ, అయింది" అంటూ కుర్చీ దగ్గరికి నడిచాడు. తెర మీద మళ్లీ అదే రాత వచ్చింది. ఈసారి మైకునే తప్పు పట్టాడు, "బోగస్ మాల్ పంపిండ్రు" అని. నేను గోడకు ఆనుకుని ఆయన్నే చూస్తున్నాను. ఆ ఈల నా చెవుల్లో సూదిలా దిగుతోంది, ఆయనకు మాత్రం గది నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు కాలనీ ఆస్పత్రి గుర్తొచ్చింది. ఏటేటా చెవుల పరీక్ష ఉండేది వీళ్లకు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంటారు. వినపడనివాణ్ణి మిషను మీద నుంచి తీసేసి స్టోర్లో కూర్చోబెడతారు. షిఫ్టు మనిషికి అంతకన్నా నామోషీ లేదు. అందుకే అద్దంలోంచి పరీక్ష చేసేవాడి భుజం చూసి, భుజం కదిలితే మీట నొక్కాలని సీనియర్లు జూనియర్లకు నేర్పేవాళ్లు. అన్నం తింటూ ఈయనే చెప్పాడు నాకు, పగలబడి నవ్వుతూ. ఏ ఏడూ ఫెయిల్ కాలేదు. నేనూ నవ్వాను. ఆ మోసం నా ఇంటికి కూడా తగులుతుందని నాకేం తెలుసు?

మర్నాటి నుంచి నేనూ పరీక్షలు పెట్టాను. బియ్యం చేట పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడి, మామూలు గొంతుతో "ఇగో, ఇవ్వాల గడ్డి వండుతున్న, తింటవా?" అన్నాను. తల తిప్పలేదు. ఎదురుగా వచ్చి పెదవులు కదిపానో లేదో, "ఏంది?" అన్నాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. ముందు నిలబడితే మొగుడు, వెనక నిలబడితే గోడ.

ఇక ఆగలేదు, అమ్మ సంగతి ముంచుకొచ్చింది.

అమ్మ రాయచూరు అవతల పోతనాళ అనే ఊళ్లో మా తమ్ముడింట్లో ఉండేది. వాడు అక్కడ కాలువ కింద కౌలుకు వరి చేసేవాడు. అప్పుడు మా బిడ్డ చిన్నబడికి పోతోంది. మేము కాలనీ క్వార్టర్లో ఉన్నాం. పక్కింటి ఫోనుకు తమ్ముడు చేశాడు. "అక్కా, అమ్మ నిన్నే అడుగుతుంది, జల్ది రా" అన్నాడు. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చేసరికి ఈయన గడప మీద కూర్చుని, వీధి వైపు తిరిగి, డ్యూటీకి బూట్లు కట్టుకుంటున్నాడు. వెనక నిలబడి అడిగాను. "అమ్మకు బాగలేదంట. పోతనాళకు తోలుకపోతవా?" ఆయన లేచాడు, టిఫిన్ డబ్బా అందుకున్నాడు, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మా ఇళ్లలో పెద్దవాళ్లు వద్దని నోటితో అనరు. మా నాయన కూడా ఎన్నడూ అనలేదు. అడిగితే పలకకుండా లేచిపోయేవాడు, అదే వద్దనడం. దాన్ని మళ్లీ అడగకూడదని మా అమ్మే నాకు నేర్పింది. ఒంటరిగా బస్సెక్కి పోగలను, బిడ్డను పక్కింట్లో వదిలిపెట్టగలను, కానీ మొగుడు వద్దన్న చోటికి పోయే ధైర్యం అప్పుడు నాకు లేదు. మర్నాడు అమ్మ పోయింది. ఈయన జీపు మాట్లాడి తీసుకెళ్లాడు, దగ్గరుండి అన్నీ చేశాడు, పాడె కూడా మోశాడు. ఆ మోసిన భుజాన్ని చూసి నాకు అసహ్యం వేసింది. బతికుండగా పంపనివాడు చచ్చాక మోస్తున్నాడనుకున్నాను. ఆ అసహ్యంతోనే ఇన్నేళ్లు కాపురం చేశాను, వండాను, వడ్డించాను, నవ్వాల్సిన చోట నవ్వాను.

ఇప్పుడు తెలిసిందేమిటి? బహుశా ఆయనకు వినపడనే లేదు. ఈ ఆలోచన వచ్చిన రోజు నా గుండె తేలికైంది. నిజం చెప్తున్నాను, తేలికైంది. కాసేపటికి ఒళ్లు మండింది. అయితే ఇన్నేళ్ల నా కోపం ఎవరి మీద? దాన్ని ఎక్కడ పారబోసుకోను? అయినా సరే, ఆయన నోటితో ఒక్కమాట "ఇనవడలే" అంటే చాలు, అంతా తుడిచేసుకుందామనుకున్నాను.

ఒక మధ్యాహ్నం రిమోట్ లాక్కుని సినిమా ఆపాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి.

"మా అమ్మ పోయే ముంగట, నువ్వు బూట్లు కట్టుకుంటుంటే ఎనక నిలవడి నిన్నొకటి అడిగిన. పోతనాళకు తోలుకపోతవా అని. నీకు ఇనవడిందా, ఇనవడలేదా? ఏదున్నా చెప్పు, నేనేమన."

ఆయన మొహంలో ఏమీ లేదు. గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు, దొరకడం లేదు. నేనే సాయం చేయబోయాను.

"గా హాల్ల పనిచేసినోళ్లకు చెవులు పోతయి. అదేం తప్పు గాదు."

చెవులన్న మాట పెదవుల మీద చూడగానే ఆయన మెడ బిగుసుకుంది.

"ఇనవడింది" అన్నాడు. "ఎందుకు ఇనవడది? నా చెవులకేమైంది?"

"మరెందుకు తోలుకపోలే?"

కాసేపు వెతుక్కున్నాడు. "డ్యూటీ ఉండె" అన్నాడు.

ఆ రోజు ఆయనకు గుర్తే లేదు. గుర్తులేని రోజుకు నేరం ఒప్పుకున్నాడు. చెవిటివాడు అనిపించుకోవడం కంటే, చావుబతుకుల్లో ఉన్న తల్లి దగ్గరికి పెళ్లాన్ని పంపని మొగుడు అనిపించుకోవడమే ఆయనకు తేలికైంది. నా చేతిలోంచి రిమోట్ తీసుకుని సినిమా మళ్లీ నడిపించాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను. ఆయన్ను క్షమించడానికి నేను సిద్ధపడింది ఆ ఒక్క రోజే, ఆ రోజూ ఆయనకు నా క్షమ అవసరం లేకపోయింది.