పగతో రాసిన ప్రార్థన చీటీ

నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో, ఒక మనిషి మీద పగ తీర్చుకోవడానికి ప్రార్థననే వాడుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అప్పటి ఆ ఉడుకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వేడెక్కుతుంది.

మాది మండవల్లి దగ్గర, కొల్లేరు ఒడ్డు పల్లె. ఇంట్లో బైబిలు, పాటల పుస్తకం తప్ప మరో పుస్తకం ఉండేది కాదు. వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పానని సండేస్కూలు టీచరుగారు ఏలూరు నుంచి ఓ కథల పుస్తకం తెచ్చి బహుమానం ఇచ్చారు. పడవలో తప్పిపోయిన ఒక పిల్ల కథ అది. ఎక్కడ అయిపోతుందోనని వారానికి నాలుగు పేజీలే చదువుకునేదాన్ని. పక్కింటి అక్క రెండు రోజుల్లో ఇచ్చేస్తానని తీసుకెళ్లింది. తిరిగొచ్చేసరికి చివరి పేజీలు లేవు. అడిగితే, "నువ్విచ్చినప్పుడే లేవే, నాకేం తెలుసు?" అంది. ఎంత అబద్ధం! ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో నాకిక ఎప్పటికీ తెలియదు. దీని పని పట్టకపోతే నా పేరు మార్చుకుంటాను అనుకున్నాను.

అవకాశం దానంతటదే వచ్చింది. వచ్చే ఆదివారం కాలువలో అక్కకి బాప్తిస్మం. తెల్లచీర కొనుక్కుని, గంజి పెట్టి, మడత పెట్టి ఉంచుకుంది. నలుగురిలో మంచి సాక్ష్యం, అంటే మంచి పేరు, లేనివాళ్లని మా సంఘంలో నీళ్లలోకి దింపరు. ప్రతి గురువారం మా ఇంట్లో స్త్రీల కూడిక. ఎవరి అవసరతలు వాళ్లు తమ పేరు పెట్టకుండా చీటీల మీద రాసి డబ్బాలో వేస్తే, అందరూ కలిసి ప్రార్థిస్తారు. కూడిక నడిపేది మా మామ్మ. ఆవిడకి చదువు రాదు కాబట్టి చీటీలు చదివేది నేనే.

అక్క పేరు రాసి, "ఈమె దొంగబుద్ధి, అబద్ధాలు మానుకునేలా ప్రార్థించండి" అని ఓ చీటీ వేశాను. కూడికలో గొంతెత్తి చదివాను. అక్క మొహం పాలిపోయింది. వాళ్లమ్మకి తల కొట్టేసినట్టయింది. శనివారానికి సంగతి పాస్టరయ్యగారి దాకా వెళ్లి బాప్తిస్మం ఆగిపోయింది. బాగా అయింది! ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

బుధవారం మా మామ్మ నన్ను పిలిచి, తన అవసరత చీటీ మీద రాసిపెట్టమంది. "నా మనవరాలు ప్రార్థన చీటీతో ఒక ఆడపిల్ల పరువు తీసింది. దాని బుద్ధి మారేలా ప్రార్థించండి." నేను నోరెళ్లబెట్టాను.

"మిగతా చీటీలన్నీ కూడబలుక్కుంటూ చదివావు. అదొక్కటీ కాగితం చూడకుండా గడగడా చదివేశావు. నాకు అక్షరాలు రావు గానీ, నువ్వు తెలియవుటే?" అంది.

మర్నాడు అందరి ముందూ ఆ చీటీ నాచేతే చదివించింది. ఆవిడదీ పగే, నా పగ కంటే ముదురుది. అంతమంది ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, నా పేరెత్తి, నా బుద్ధి మార్చమని ఏడుస్తూ ప్రార్థిస్తుంటే భూమి చీలితే బాగుండుననిపించింది. అంతకంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

ఆఖరున అక్క వంతు వచ్చింది. "తండ్రీ, వాననీళ్లకి పాడైన పేజీలు చింపేసింది నేనే, అబద్ధమాడిందీ నేనే. అయినా నలుగురిలో నన్ను దొంగని చేసిన ఈ పిల్లని క్షమించడానికి నాకు మనసొప్పట్లేదు. ఒప్పేదాకా నన్ను నీళ్లలోకి దింపొద్దు తండ్రీ" అంది. ఎవరి నోటా ఆమెన్ రాలేదు. మామ్మ ఒక్కతే అంది.

మూడు నెలలు ఆ తెల్లచీర పెట్టెలోనే ఉంది. ప్రతి ఆదివారం నేను అక్క మొహంలోకి చూసేదాన్ని, ఆమె తిప్పేసుకునేది. ఒక శనివారం మా గుమ్మంలోకి వచ్చి, "రేపు దిగుతున్నానే. ఒడ్డున పొడిబట్టలు పట్టుకోవడానికి నువ్వే రావాలి" అంది. వెళ్లాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అవసరతలు ఫోనులో సంఘం గ్రూపులో పెడుతున్నాం. మొన్న మా కోడలితో మాటా మాటా పెరిగాక, "మా కోడలికి ప్రభువు వినయం నేర్పేలా ప్రార్థించండి" అని టైపు చేశాను. పంపబోతుంటే, గడగడా చదివిన నా చిన్నప్పటి గొంతు నాకే వినిపించింది. "మా కోడలికి" అన్నది చెరిపేసి, పళ్లు కొరుక్కుంటూ "నాకు" అని పెట్టి పంపాను.

గ్రూపంతా ఆమెన్లు. అందరికంటే ముందు పెట్టింది మా కోడలే.